కంటికి ఆనని చెత్త

యాసంగి కోతలు మొదలైతే బాన్సువాడ చుట్టుపక్కల ఏ దారిన పోయినా సగం రోడ్డు వడ్లదే. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ ఈ ప్రాంతాన్ని వరి మాగాణిగా మార్చింది. పంట ఇంటికొచ్చే వేళకు ఆరబోసే జాగా చాలక తారురోడ్డే కల్లం అవుతుంది. వడ్ల కింద ఒక టార్పాలిన్, మబ్బు పడితే పైన కప్పడానికి మరొకటి. కొనుగోలు కేంద్రం దగ్గర తూకం వంతు వచ్చేదాకా ఆ నీలి పరదాలే రైతుకు ధీమా.

కొన్న ఏడాది ఆ పరదా నిగనిగలాడుతూ, పట్టుకుంటే చేతికి గట్టిగా తగులుతుంది. రెండు మూడు ఎండాకాలాలు గడిచాక చూడాలి దాని సంగతి. మడతలు పడిన చోటల్లా తెల్లగా పొలుసుబారి ఉంటుంది. దులిపితే సన్నటి పీలికలు రాలుతాయి. రెండు వేళ్ల మధ్య నలిపితే నీలి రజను చర్మానికి అంటుకుంటుంది. పరదా చివికిపోయిందని రైతు కొత్తది కొనుక్కుంటాడు. పాతది పశువుల కొట్టం మీదికో, గడ్డివాము మీదికో ఎక్కుతుంది. అక్కడ ఇంకో రెండేళ్లు ఎండకు ఎండి, మిగిలింది కూడా రాలిపోతుంది.

రాలిన రజను ఎక్కడికీ పోదు. ప్లాస్టిక్ కథంతా ఇక్కడే ఉంది.

టార్పాలిన్లు ఎక్కువగా పాలిథిన్‌తో తయారవుతాయి. కార్బన్ పరమాణువులు వేల సంఖ్యలో ఒకదాని వెంట ఒకటి గొలుసుగా పేరుకుంటే పాలిథిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఆ గొలుసును అక్కడక్కడా తెంపుతాయి. గొలుసులు పొట్టివయ్యేకొద్దీ పదార్థం పెళుసుబారి విరుగుతుంది. అంతే తప్ప కుళ్లదు. గోనెసంచిని చెత్తకుప్పలో పడేస్తే నాలుగు వానలకు మట్టిలో కలిసిపోతుంది, ఎందుకంటే జనపనారలోని సెల్యులోజ్‌ను తినడం సూక్ష్మజీవులకు కోట్ల ఏళ్లుగా అలవాటే. పాలిథిన్ మాత్రం 1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో, ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ వేరే ప్రయోగమేదో చేస్తుంటే పాత్రలో తెల్లటి మైనంలా అనుకోకుండా తేలిన పదార్థం. దానికింకా నిండా నూరేళ్లు లేవు. మట్టికి అది తిండి కాదు.

అయినా దాన్ని తయారు చేయడంలో మనుషులు ఏ మాత్రం తగ్గలేదు. రోలండ్ గెయర్ అనే శాస్త్రవేత్త బృందం 2017లో వేసిన లెక్క ప్రకారం 2015 నాటికి ప్రపంచంలో తయారైన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్త అయింది. ఆ చెత్తలో మళ్లీ కరిగించి వాడుకున్నది 9 శాతం, కాల్చేసింది 12 శాతం. మిగిలిన 79 శాతం చెత్త డిపోల్లోనో, వాగుల్లోనో, సముద్రంలోనో ఉండిపోయింది.

ఇంత పోగుపడితే సముద్రం మీద కనిపించాల్సినంత ప్లాస్టిక్ ఎందుకు కనిపించడం లేదన్న అనుమానం బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థాంప్సన్‌కు వచ్చింది. తీరంలోని ఇసుకను, బురదను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే జవాబు దొరికింది. పోయిందనుకున్నదంతా చిన్నదై అక్కడే ఉంది. 2004లో ఆయన ఆ తునకలను మైక్రోప్లాస్టిక్స్ అన్నాడు. ఇప్పుడు 5 మిల్లీమీటర్లకు తక్కువున్న ప్రతి తునకకూ ఆ పేరే వాడుతున్నారు. ఒక మైక్రాన్ కన్నా తక్కువైతే నానోప్లాస్టిక్.

మన ఊళ్లలో శుభ్రతకు కొలబద్ద కన్ను. కాలువలో కవర్లు తేలితే మురికి, తేలకపోతే శుభ్రం. కుప్పగా ఉంటే చెత్త, కాల్చేస్తే ఖాళీ జాగా. ఈ కొలబద్దతో ప్లాస్టిక్‌ను కొలిస్తే లెక్క తలకిందులవుతుంది. కంటికి కనిపించే ప్లాస్టిక్‌ను ఏరొచ్చు, మూట కట్టొచ్చు, బండికెత్తొచ్చు. కనిపించకుండా పోయినదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు, అది మాత్రం ఒంట్లోకి రాగలదు.

కనిపించే ప్లాస్టిక్ మంచిదని దీనర్థం కాదు. దాని సంగతి ఆవునడగాలి.

పుట్టపర్తిలో కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది. నెదర్లాండ్స్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన క్లెమెంటీన్ పావ్స్ దాన్ని నడిపారు. వాళ్ల దగ్గరికి చేరిన వీధి పశువుల్లో కొన్ని చూడటానికి పుష్టిగానే ఉండి, ఉన్నట్టుండి చనిపోయాయి. కోసి చూస్తే పొట్ట నిండా ప్లాస్టిక్. మిగతా పశువులకు శస్త్రచికిత్స చేస్తే ఒక్కోదాని కడుపులోంచి పదుల కిలోల కవర్లు బయటపడ్డాయి. వాటితో పాటు తాళ్లు, మేకులు, తోలు ముక్కలు.

ఆవు తినే తీరే దాని ప్రాణం మీదికి తెచ్చింది. అది ముందు నమలదు. నాలుకతో చుట్టి గుటుక్కున మింగుతుంది, తీరిగ్గా పడుకుని నెమరు వేస్తుంది. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్‌లో పోసి, మూతి ముడేసి రోడ్డు పక్కన పెట్టే అలవాటు మనది. ఉప్పూ పులుపూ అంటిన ఆ ముడిని ఆవు విప్పలేదు, వదలనూ లేదు. కవర్‌తో సహా మింగేస్తుంది. పెద్ద పొట్టలోంచి ముందుకు పోయే ద్వారం సన్నటిది. నమిలిన గడ్డి అందులోంచి పోతుంది, కవర్ పోదు. అలా ఏళ్ల తరబడి చేరిన కవర్లు పెనవేసుకుని, బిగుసుకుపోయి, గట్టి ముద్దవుతాయి. మేతకు జాగా ఉండదు. కడుపు ఉబ్బి కనిపిస్తుంది కాబట్టి ఆవు బలిసిందనుకుంటారు, అది ఆకలితో చస్తుంటుంది.

ఈ పశువుల గోడుతో కరుణ సొసైటీ, మరికొందరు 2012లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అదే ఏడాది కునాల్ వోరా తీసిన 'ది ప్లాస్టిక్ కౌ' డాక్యుమెంటరీ ఆ శస్త్రచికిత్సలను తెర మీద చూపించింది. విచారణలో ధర్మాసనం, ప్లాస్టిక్ సంచుల మీద నిషేధమో ఆంక్షలో లేకపోతే వచ్చే తరానికి అణుబాంబును మించిన ముప్పు తప్పదని వ్యాఖ్యానించింది. 2016లో కేంద్రం కొత్త ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు తెచ్చింది, కేసు కూడా ఆ ఏడాదే ముగిసింది. ఆవులు మాత్రం ఇప్పటికీ చెత్తకుప్పల దగ్గరే ఉన్నాయి.

బాన్సువాడది వరి పండించే ప్రాంతం కాబట్టి అన్నం ముచ్చట కూడా ఒకటుంది. ఎరువు బస్తా, విత్తనం సంచి, పురుగుమందు డబ్బా, డ్రిప్ పైపు, మల్చింగ్ షీటు, టార్పాలిన్, అన్నీ ప్లాస్టిక్కే. పంటలు, పశువుల పెంపకానికి ఏటా 1.25 కోట్ల టన్నుల ప్లాస్టిక్ సామగ్రి వాడుతున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2021లో చెప్పింది. అందులో చాలాభాగం చివికేది పొలంలోనే. మొక్క వేరు ఇంత గట్టి తునకను పీల్చుకోదని చాలాకాలం అనుకున్నారు. 2020లో చైనా శాస్త్రవేత్తలు గోధుమ, లెట్యూస్ మొక్కల మీద పరిశోధించి, పక్క వేర్లు పొడుచుకొచ్చేటప్పుడు ఏర్పడే పగుళ్లలోంచి అతి సూక్ష్మమైన తునకలు లోపలికి పోయి, నీటితో పాటు కాండంలోకి ఎక్కుతున్నాయని చూపించారు.

బియ్యం మీద పని ఆస్ట్రేలియాలో జరిగింది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో అక్కడి దుకాణాల్లో దొరికే బియ్యాన్ని పరీక్షిస్తే 100 గ్రాములకు 3 నుంచి 4 మిల్లీగ్రాముల ప్లాస్టిక్ తేలింది. నిమిషాల్లో ఉడికే ఇన్‌స్టంట్ రైస్‌లోనైతే 13 మిల్లీగ్రాములు. కాగితం సంచిలో అమ్మినా, ప్లాస్టిక్ సంచిలో అమ్మినా తేడా లేదు. అంటే అది సంచిలోంచి కాదు, అంతకు ముందే ఎక్కడో పొలానికీ మిల్లుకూ మధ్య చేరిందన్నమాట. బియ్యాన్ని కడిగితే అందులో 20 నుంచి 40 శాతం పోయిందని కూడా వాళ్లే తేల్చారు. ఎసట్లో పోసే ముందు రెండుసార్లు బియ్యం కడగని తెలుగిల్లు ఉండదు. మన అమ్మమ్మలు ఊకకూ మట్టికీ కడిగారు, ఇప్పుడు ఆ కడుగు నీళ్లతో ఇది కూడా పోతోంది.

ఇక వేడి. ఎండ ఏళ్ల తరబడి చేసే పనిని వేడి నిమిషాల్లో చేస్తుంది.

చౌరస్తాలో చాయ్ పార్సిల్ అడిగితే ఏం జరుగుతుందో అందరూ చూసినదే. పల్చటి కవర్‌ను ఊది తెరుస్తారు. సలసల కాగే చాయ్‌ను జాలి పెట్టి అందులో పోస్తారు. కవర్ ఒక్కసారిగా మెత్తబడి కిందికి సాగుతుంది. మూతికి దారం చుట్టి, దానితో పాటు నాలుగు కప్పులు చేతిలో పెడతారు. ఆ కప్పులు ప్లాస్టిక్‌వి కావు, కాగితానివి కదా అని తాగేవాళ్లకు తృప్తి. ఉత్త కాగితమైతే చాయ్ నిలవదు, నానిపోతుంది. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటేనే కప్పు కప్పుగా నిలుస్తుంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో సుధా గోయల్ బృందం అలాంటి కప్పుల్లో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 సూక్ష్మ తునకలు నీళ్లలోకి దిగాయి. సూక్ష్మదర్శిని కింద లెక్కకు అందినవే ఇవి. రోజుకు మూడు చాయ్‌లు తాగేవాళ్లు మూడుతో గుణించుకోవచ్చు. కర్రీ పాయింట్‌లో పొగలు కక్కే సాంబారు కట్టించుకునే కవర్ కూడా ఈ లెక్కలోదే.

ప్లాస్టిక్ అంటే ఉత్త గొలుసు ఒక్కటే అయితే ఇంత భయం ఉండేది కాదేమో. దాన్ని మెత్తగా చేయడానికి థాలేట్లు, గట్టిగా చేయడానికి బిస్‌ఫినాల్‌లు, మండకుండా కొన్ని, రంగు కోసం కొన్ని, ఎండకు తట్టుకోవడానికి మరికొన్ని కలుపుతారు. ప్లాస్టిక్‌లో వాడే, లేదా ప్లాస్టిక్‌లో కనిపించే రసాయనాలు 16,000కు పైగా ఉన్నాయని, అందులో 4,200కు పైగా ఆందోళన కలిగించేవని 2024లో నార్వే, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తల బృందం వెలువరించిన ప్లాస్ట్‌కెమ్ నివేదిక లెక్క తీసింది. థాలేట్లు, బిస్‌ఫినాల్ ఎ మన హార్మోన్ల పనికి అడ్డుపడతాయి. అందుకే పాలసీసాల్లో బిస్‌ఫినాల్ ఎ వాడకూడదని భారత ప్రమాణాల సంస్థ 2015లో నిబంధన పెట్టింది.

పాలసీసా ప్రస్తావన వస్తే బాన్సువాడకు చెప్పుకోదగిన సంగతి ఒకటుంది. ఇక్కడి ప్రభుత్వ మాతాశిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా బీఎఫ్‌హెచ్‌ఐ గుర్తింపు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 1991లో మొదలుపెట్టిన కార్యక్రమం అది. బిడ్డ పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టించడం, వైద్యపరమైన అవసరం లేకుండా డబ్బాపాలు పట్టకపోవడం, పాలసీసా వల్ల వచ్చే చిక్కులను తల్లులకు వివరించడం దాని సూత్రాల్లో కొన్ని. మన దేశంలో పాలసీసాలను, డబ్బాపాలను ప్రచారం చేసి అమ్మడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది కూడా. ఇవన్నీ ప్లాస్టిక్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. విరేచనాలు, పోషకాహార లోపం, శిశు మరణాలను తగ్గించడానికి చేసినవి. ప్లాస్టిక్ సంగతి తర్వాత బయటపడింది.

2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు పాలీప్రొపిలీన్ పాలసీసాలను తీసుకుని, తల్లులు చేసినట్టే వేడినీళ్లతో శుభ్రం చేసి, పాలు కలిపినట్టే కలిపి చూశారు. ఆ మామూలు పద్ధతిలోనే లీటరుకు 1.6 కోట్ల దాకా తునకలు నీళ్లలోకి వచ్చాయి. వేడిని మార్చి చూస్తే, నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే లీటరుకు 6 లక్షలు, 95 డిగ్రీలకు చేరితే 5.5 కోట్లు. సీసాపాలు తాగే పసిబిడ్డ ఒంట్లోకి రోజుకు సగటున 15 లక్షలకు పైగా తునకలు పోతున్నాయని వాళ్ల అంచనా. సీసా తప్పనిసరైన తల్లులకు వాళ్లు చెప్పిన జాగ్రత్త కూడా తేలికైనదే. నీళ్లు స్టీలు పాత్రలోనో గాజు పాత్రలోనో మరిగించాలి, పాలు అందులోనే కలిపి చల్లార్చాలి, ఆ తర్వాతే సీసాలో పోయాలి. సీసాను పట్టుకుని గట్టిగా ఊపకూడదు.

మరి తల్లిపాలో? ఇటలీలో 34 మంది తల్లుల పాలను పరీక్షిస్తే 26 మంది పాలలో మైక్రోప్లాస్టిక్స్ కనిపించాయని 2022లో ప్రచురించారు. అంతకు ముందు అదే బృందం ఆరుగురు స్త్రీల మాయలో వెతికితే నాలుగింటిలో దొరికాయి. ఈ వార్త చదివి పాలు మాన్పించే తల్లి ఉంటే అంతకన్నా నష్టం లేదు. తల్లిపాల మేలు ముందు ఈ ముప్పు చాలా చిన్నదని ఆ పరిశోధకులే గట్టిగా చెప్పారు. సీసా నుంచి దిగే లక్షల లెక్క పక్కన పెట్టి చూసినా ఆ మాట నిజమే. తల్లి తినే తిండిలో, తాగే నీళ్లలో, పీల్చే గాలిలో ఉన్నదే తల్లిపాలలోకీ వచ్చింది. మార్చాల్సింది పాలను కాదు.

రక్తం సంగతీ అంతే. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 22 మంది రక్తం తీసి చూస్తే 17 మందిలో ప్లాస్టిక్ తేలింది. ఉండటం వేరు, చెడు చేయడం వేరు అని వాదించేవాళ్లకు 2024 వరకూ బలముండేది. ఆ ఏడాది ఇటలీకి చెందిన రఫాయేలే మార్ఫెల్లా బృందం మెడలోని కెరోటిడ్ ధమనిలో పేరుకున్న కొవ్వును తీయించుకున్న 257 మంది రోగుల వివరాలు ప్రచురించింది. 150 మంది కొవ్వులో పాలిథిన్ తునకలున్నాయి. దాదాపు 34 నెలలు గమనిస్తే, ప్లాస్టిక్ లేనివాళ్లకన్నా ఉన్నవాళ్లలో గుండెపోటో పక్షవాతమో మరణమో సంభవించే ముప్పు 4.5 రెట్లు ఎక్కువగా తేలింది. ప్లాస్టిక్ వల్లే అది జరిగిందని ఈ పరిశోధన రుజువు చేయలేదు. ప్లాస్టిక్ ఎక్కువగా చేరినవాళ్ల బతుకుతీరులో ఇంకేదైనా కారణం ఉండొచ్చు. కానీ కొట్టిపారేయగల తేడా కాదిది.

అన్నిటికన్నా చెడ్డపని, మన ఊళ్లలో అందరూ తేలిగ్గా చేసేస్తున్న పని, కాల్చడం. పొద్దున ఊడ్చిన చెత్తకు దుకాణం ముందే అగ్గిపెట్టడం, చలికాలం మంటలో కవర్లు వేయడం, కట్టెల పొయ్యి తొందరగా అంటుకోవాలని పాలప్యాకెట్ ముక్క పెట్టడం, వీటిని ఎవరూ తప్పుగా చూడరు. చూసేవాళ్ల కంటికి జాగా శుభ్రపడుతుంది. 2024లో బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం వేసిన అంచనాలో 2020లో ప్రపంచవ్యాప్తంగా అదుపు తప్పి పర్యావరణంలో కలిసిన ప్లాస్టిక్ 5.2 కోట్ల టన్నులు. అందులో సగానికి పైగా ఆరుబయట కాల్చిందే. దేశాల వరసలో మొదటి పేరు మనదే, 93 లక్షల టన్నులు. అందులోనూ 58 లక్షల టన్నులు మంటల్లో పోయింది.

చెత్తమంటలో వేడి చాలదు. పెద్ద కొలిమిలో 850 డిగ్రీలకు పైన కాలితే పూర్తిగా విడిపోయే పదార్థాలు, కుప్పలో సగం కాలి సగం పొగై కొత్త విషాలుగా కలుస్తాయి. ఫ్లెక్సీలు, కొన్ని రకాల పైపులు పీవీసీతో చేసినవి. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. అది మండితే డయాక్సిన్లు పుడతాయి. అవి క్యాన్సర్ తెచ్చేవి, కొవ్వులో కరిగేవి. పొగతో లేచి గడ్డి మీద వాలతాయి, గడ్డితో బర్రె ఒంట్లోకి, పాలతో మనిషి ఒంట్లోకి వస్తాయి. మనిషిలో చేరిన డయాక్సిన్ సగం కావడానికి 7 నుంచి 11 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరుబయట చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తునైతే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే ఆదేశించింది. ఆ ఆదేశం మంట పెట్టే చేతిదాకా రాలేదు.

చట్టం ప్లాస్టిక్‌ను మందంతో కొలుస్తుంది. 2016లో చేతిసంచికి కనీసం 50 మైక్రాన్లు, 2021 సెప్టెంబర్ 30 నుంచి 75, 2022 డిసెంబర్ 31 నుంచి 120. స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, థర్మోకోల్ అలంకరణల వంటి ఒక్కసారి వాడి పారేసే సరుకుల మీద 2022 జులై 1 నుంచి నిషేధం. ప్లాస్టిక్ తగ్గించాలని చెబుతూ మందం పెంచమనడమేంటని చాలామంది నవ్వారు. అందులో అర్థముంది. పల్చటిది తొందరగా చివుకుతుంది, ఎగిరిపోతుంది, పైగా దాన్ని ఏరేవాడు ఉండడు. సిద్దిపేటలో వేరే దారి పట్టారు. విందులు, ఫంక్షన్లకు స్టీలు ప్లేట్లు, గ్లాసులు ఇచ్చి, అయ్యాక తిరిగి తీసుకునే స్టీల్ బ్యాంకు పెట్టారు. బంతిభోజనం అయ్యాక గిన్నెలు తోమే పని ఉంటుంది, ఊడ్చి కాల్చే పని ఉండదు.

ఏరేవాడి లెక్క ఇది. పాత సామాన్లకు ఉల్లిగడ్డలిస్తామని మైకు పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగే ఆటో పగిలిన బకెట్ తీసుకుంటుంది, కుర్చీ తీసుకుంటుంది, నీళ్ల సీసాలు తీసుకుంటుంది. పల్చటి కవర్ బరువు నాలుగైదు గ్రాములు. కిలో కావాలంటే రెండు వందలకు పైగా ఏరి, కడిగి, ఆరబెట్టాలి. అంత చేస్తే వచ్చే ఉల్లిగడ్డలు ఆ పూట కూరకు కూడా చాలవు. చిప్స్ ప్యాకెట్, షాంపూ పొట్లం అంతకన్నా నికృష్టం. ప్లాస్టిక్ పొరకు అల్యూమినియం పొర అతికించి ఉంటుంది, రెంటినీ విడదీసి కరిగించడం గిట్టుబాటు కాదు. తమ ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదేనని 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు నోటిఫై చేసింది. ఇప్పుడు కంపెనీలు ఆ లెక్కను సర్టిఫికెట్లతో చూపుతున్నాయి. బరువైన, శుభ్రమైన, ఒకేచోట దొరికే నగరపు చెత్తతో ఆ సర్టిఫికెట్ తేలిగ్గా వస్తుంది. బాన్సువాడ కిరాణాకొట్టు ముందు పడ్డ షాంపూ పొట్లానికి మాత్రం ఇంకా ధర పలకలేదు.